బెడ్‌ఫర్డు చెరసాలలో జాన్ బనియన్

యాత్రికుని ప్రయాణము అను గ్రంథమును మనలో అనేకులము ఎరుగుదుము. దానిని వ్రాసిన జాన్ బనియన్ పండితుడు కాడు. ఆయన 1628లో ఇంగ్లాండు దేశమందు, బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమున ఎల్‌స్టో గ్రామములో జన్మించెను. తండ్రివలెనే ఊరూర తిరిగి, చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేసి బ్రదికెను.

మారుమనస్సు పొందిన పిమ్మట ఆయన గ్రామములలో వాక్యము ప్రకటింపసాగెను. అనుమతి లేక బోధించెనని 1660లో అధికారులు ఆయనను చెరసాలలో వేసిరి. ఇకమీదట బోధింపనని ఒక్క మాట ఇచ్చిన విడిచిపెట్టుదుమనిరి. ఇంటివద్ద భార్య ఎలిజబెత్తు, నలుగురు పిల్లలు ఉండిరి. వారిలో మేరీ పుట్టు గ్రుడ్డిది. ఆ బిడ్డను తలంచినప్పుడెల్ల తండ్రి హృదయము పగిలెడిది. అయినను ఆ మాట ఇయ్యలేదు. 1661లో ఎలిజబెత్తు న్యాయాధిపతుల యెదుట ధైర్యముగా నిలిచి భర్తకొరకు మొరపెట్టెను గాని ఫలము లేకపోయెను.

12 ఏండ్లు గడచెను. బనియన్ చెరలో ఊరకుండలేదు. కొనలకు రేకు తొడిగిన నాడాలు చేసి కుటుంబమునకు సాయపడెను, తోటి ఖైదీలకు బోధించెను, గ్రంథములు వ్రాసెను. 1672లో విడుదలయై బెడ్‌ఫర్డు సంఘమును కాచెను. యాత్రికుని ప్రయాణము 1678లో అచ్చుపడెను. 1688లో ఒక తండ్రిని కుమారుని సమాధానపరచుటకై రెడింగు పట్టణమునకు వెళ్లి, అక్కడనుండి లండనుకు వచ్చుచు వానలో తడిసి, జ్వరముచే ప్రభువునందు నిద్రించెను.

మనలో అనేకులము చెర ఎరుగము. అయినను పొరుగువాని నవ్వుకు జడిసి సాక్ష్యమును దాచుకొందుము. ఈ నెల హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమును మన ఇండ్లలో చదువుకొని, చేతి పనిని నోటి సాక్ష్యమును కూడ ప్రభువునకే అర్పింతము.