దైవచిత్తానికి తలవంచిన ఫాదర్ హయ్యర్

ఉద్యోగ విరమణ చేసేనాటికి మనలో ప్రతివారికీ ఒక లెక్క ఉంటుంది. గ్రాట్యుటీతో ఇల్లు పూర్తిచేయాలని, పిల్లల బాధ్యత తీరాక తీర్థయాత్రలకు వెళ్లాలని అనుకుంటాం. తీరా తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు అవుతుంది. అటువంటప్పుడు తలచుకోదగిన వారు ఫాదర్ హయ్యర్. పిట్టలవానిపాలెం పరిసరాల్లోనూ, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లోనూ లూథరన్ కుటుంబాలకు ఆ పేరు సుపరిచితమే. ఆయన జీవితం మతభేదం లేకుండా అందరికీ పనికివచ్చేది.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో జన్మించారు. పద్నాలుగో ఏట అమెరికా చేరి, 1820లో పాదిరీగా అభిషేకం పొందారు. ఇరవై ఏళ్లు అక్కడి పల్లెల్లో తిరిగి సంఘాలు స్థాపించారు. 1839లో భార్య కన్నుమూశారు.

అమెరికా లూథరన్లు మొదట తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో రేనియస్ అనే మిషనరీకి సాయపడాలనుకున్నారు. 1838లో ఆయన మరణించడంతో ఆ ఆలోచన మారి, దృష్టి తెలుగుదేశం మీదికి మళ్లింది. హయ్యర్‌ను పంపాలని నిశ్చయించారు. అయితే మరో సంఘానికి లోబడి పనిచేయాలన్న ఏర్పాటు ఆయనకు సమ్మతం కాక తప్పుకున్నారు. అంతటితో ప్రయాణం ఆగిపోయిందనుకునే సమయంలో పెన్సిల్వేనియా లూథరన్లు ముందుకు వచ్చి తామే పంపారు. ఈలోగా ఆయన ఊరికే కూర్చోలేదు. సంస్కృతం, వైద్యం నేర్చుకున్నారు.

1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించి, బడి పెట్టడానికి తోడ్పడ్డారు. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాల చరిత్రను చెప్పేవారు ఆ బడి దగ్గరే మొదలుపెడతారు. 1846లో స్వదేశం వెళ్లిన హయ్యర్ అక్కడ వైద్యపట్టా పుచ్చుకొని 1848లో తిరిగి వచ్చారు. తరువాత పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేశారు. 1857లో అమెరికా వెళ్లి, మిన్నెసోటాలో వలస కుటుంబాల మధ్య సంఘాలు కట్టారు.

ఇక విశ్రాంతి తీసుకోవలసిన వయసు. 1869లో రాజమండ్రి మిషన్‌ను నడిపేవారు లేక, దానిని ఇంగ్లీషువారి చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాట్లు సాగుతున్నాయి. ఆ సంగతి తెలిసి హయ్యర్ రెడింగ్ పట్టణంలో జరిగిన సభకు వచ్చారు. అప్పగించవద్దని, ఎవరూ లేకపోతే తానే వెళతానని చెప్పారు. అప్పటికే పెట్టె సర్దుకొని సిద్ధంగా ఉన్నారట. డెబ్బై అయిదేళ్లు దాటిన మనిషి అలా లేచి నిలబడితే సభ కాదనలేకపోయింది. ఆ ఏడాది డిసెంబరుకు ఆయన రాజమండ్రిలో ఉన్నారు.

అక్కడా అనుకున్నట్టు జరగలేదు. బాధ్యత అందుకోవలసిన యువ మిషనరీ బెకర్ 1870లో వచ్చిన కొద్ది నెలలకే మరణించారు. ముసలివాడు మిగిలి, పడుచువాడు పోవడం ఎంత బాధాకరమో మన వయసువారికి వేరే చెప్పనక్కరలేదు. అయినా హయ్యర్ పని విడువలేదు. ఆ ఏడాదే ష్మిట్ అనే మరొక మిషనరీ వచ్చారు. ఆయనకు పని ఒప్పగించి, హయ్యర్ 1871లో తిరిగి వెళ్లారు. ఫిలడెల్ఫియాలో వేదాంత విద్యార్థుల మధ్య చివరి రోజులు గడిపి, 1873 నవంబరు 7న పరమపదించారు. ఆయన నాటిన గుంటూరు మిషన్, నిలిపిన రాజమండ్రి మిషన్ కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆ రోజు చూడటానికి ఆయన లేరు.

దైవచిత్తమని చేతులు ముడుచుకు కూర్చోవడం హయ్యర్ ఎరుగరు. భాష నేర్చారు, వైద్యం చదివారు, పెట్టె సర్దుకున్నారు. తన వంతు ప్రయత్నం పూర్తిగా చేసి, ఫలితాన్ని దేవునికి విడిచారు. దారి మూసుకుపోతే అలిగి కూర్చోలేదు. మరో దారి తెరుచుకుంటే వయసు అడ్డమనలేదు. పని అందుకునేవారు రాగానే పట్టుకు వేలాడకుండా అప్పగించారు.

సర్వీసు రిజిస్టరు మూసేసినంత మాత్రాన మనతో దేవునికి పని తీరిపోయిందనుకోరాదు. మనమూ ప్రణాళికలు వేసుకుందాం. వాటిని దిద్దే హక్కు మాత్రం ఆయనకు ఉంచుదాం.