ఆడవేషానికి పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు

పద్యనాటకం అంటే చెవి కోసుకునే పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. సత్యభామ వేషం ఎవరిది అని వాళ్లను అడిగితే ముందుగా వచ్చే పేరు స్థానం నరసింహారావు. ఆయన మగవారు. దాదాపు నలభై ఏళ్లు రంగస్థలం మీద ఆడవేషాలు కట్టారు. అందుకే 1956లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. చీర కట్టినందుకు ఒకరిని నెత్తిన పెట్టుకుని, అదే చీర కట్టినందుకు ఇంకొకరిని ఇంట్లోంచి వెళ్లగొట్టే తీరు మన సమాజానిది. స్థానం వారి జీవితం చదివితే ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఆయన్ని ఈరోజు గుర్తు చేసుకుంటున్నాం.

చంద్రమతితో మొదలు

స్థానం వారు 1902 సెప్టెంబర్ 23న బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేయాల్సిన రోజు చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ పాత్ర తాను వేస్తానని ఈ పద్దెనిమిదేళ్ల కుర్రాడు ముందుకొచ్చాడు. జనం మెచ్చుకున్నారు. ఆ రాత్రితో ఆయన దారి ఖాయమైపోయింది. తర్వాత తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరారు. అక్కడే పెద్ద నటుడిగా ఎదిగారు.

అప్పట్లో మగవాళ్లు ఆడవేషం కట్టడం వింత కాదు. పరువుగల కుటుంబాల ఆడవాళ్లు నాటకాల్లోకి రాకూడదన్నది ఆనాటి కట్టడి. సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్లు వేషాలు వేసేవారు కానీ, చాలా సమాజాల్లో సీత అయినా ద్రౌపది అయినా మగవాడే. మనం ఉంటున్న మహారాష్ట్రలోనూ అంతే. నారాయణ శ్రీపాద రాజహంస, అంటే బాలగంధర్వ, అలాగే పేరు తెచ్చుకున్నారు. ఆయన చీర కట్టు, కొప్పు, నగలు చూసి మరాఠీ ఇళ్లలో ఆడవాళ్లు అలాగే అలంకరించుకునేవారు. ఆయనకు 1964లో పద్మభూషణ్ వచ్చింది. ఇక్కడి మరాఠీ ఇరుగుపొరుగుకు బాలగంధర్వ ఎలాగో, తెలుగువాళ్లకు స్థానం అలాగ.

ఒక్కో స్త్రీకి ఒక్కో నడక

స్థానం వారు వేసిన పాత్రలు చూడండి. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, కన్యాశుల్కంలో మధురవాణి, విప్రనారాయణలో దేవదేవి, రోషనారలో మొగలు రాకుమారి, ఇంకా చింతామణి. ఒకరిది అభిమానం, ఒకరిది మోహం, ఒకరిది చతురత. చంద్రమతి ఏడుపు చిత్రాంగికి పనికిరాదు, సత్యభామ అలక మధురవాణికి నప్పదు. ఏ పాత్రకు ఆ కట్టు, ఆ నగ, ఆ నడక వేరుగా ఉండాల్సిందే. తులాభారంలో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాట కూడా ఆయన సొంతంగా రాసుకున్నదే. 1966లో వచ్చిన సినిమాలోనూ ఆ పాట ఉంది కాబట్టి నాటకం చూడని తరానికి కూడా అది తెలుసు.

ఆడవేషం అంటే వెకిలిగా ఒళ్లు తిప్పి నవ్వించడం కాదని ఆయన చేసి చూపించారు. ఆ పాత్రల్లోని స్త్రీలను గౌరవంగా చూపించారు. తన అనుభవాలను నటస్థానం అనే పుస్తకంలో రాశారు. సినిమాలోనూ సత్యభామగా కనిపించారు. 1938లో రంగూన్‌లోని తెలుగువాళ్లు ఆయనకు బంగారు కిరీటం బహూకరించారు. మనలాగే పొట్ట చేతపట్టుకుని సొంత ఊరు వదిలి వెళ్లినవాళ్లు వాళ్లు. సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా ఆయన్ని వరించింది. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.

సరిహద్దు ఇవతల ఇంకో కథ

స్థానం వారు చంద్రమతి వేషం కట్టడానికి ఒక్క ఏడాది ముందు, 1919లో, మన తాతముత్తాతల నేలలో ఒక చట్టం వచ్చింది. బాపట్ల మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ నిజాం రాజ్యంలో ఉండేవి. 1329 ఫస్లీ నాటి ఆ నిజాం చట్టం హిజ్రాల పేర్లను సర్కారు రిజిస్టర్‌లో ఎక్కించమంది. అలా పేరు ఎక్కినవాళ్లు వీధిలో ఆడవాళ్ల బట్టల్లో, నగల్లో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. నలుగురిలో పాడినా ఆడినా అంతే. రెండేళ్ల దాకా జైలు.

నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. చివరికి 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అటు చీరకు కిరీటం, ఇటు చీరకు జైలు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? స్థానం వారు ట్రాన్స్‌జెండర్ అని మేము అనడం లేదు. ఆయన నటుడు, ఆడవేషం ఆయన వృత్తి. తెర పడ్డాక ఆయన చీర విప్పి పంచె కట్టుకుంటారని చూసేవాళ్లకు తెలుసు. ఆ ధైర్యంతోనే చప్పట్లు కొట్టారు. తెర పడ్డాక కూడా చీర విప్పని మనిషి ఎదురైతే మనకు భయం, కోపం, వెటకారం వస్తాయి. ఆ మనిషికి అది వేషం కాదు, తన అసలు రూపం అని ఒప్పుకోవడానికి మనసు రాదు.

రెండు వైపులా ఒత్తిడి

ట్రాన్స్‌జెండర్ల మీద ఒత్తిడి రెండు వైపుల నుంచీ ఉంటుంది. ఇంట్లో జుట్టు కత్తిరించుకో, ప్యాంటు చొక్కా వేసుకో, మగాడిలా నడువు అంటారు. ఇల్లు వదిలి బయటికొస్తే ఇంకో పరీక్ష. గడ్డం నీడ కనిపించినా, గొంతు బొంగురుగా ఉన్నా నువ్వేం ఆడదానివి అంటారు. అద్దె ఇల్లు దొరకదు, పని దొరకదు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతకాలనుకునే వాళ్ల బాధ ఇంకా లోపలే ఉండిపోతుంది. వాళ్లకు జడ వేసి, చీర చుట్టి, పెళ్లి చేసేస్తే అంతా సర్దుకుంటుందని ఇంటివాళ్లు అనుకుంటారు.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పులో ఈ రెండింటికీ జవాబు చెప్పింది. ఎవరు ఆడ, ఎవరు మగ, ఎవరు ఈ రెండూ కాదు అన్నది ఆ మనిషే చెప్పుకోవాలి. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామని పట్టుబట్టడం తప్పు. ఇష్టమైన బట్టలు కట్టుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగం.

కోర్టు తీర్పుల కంటే ముందే మన ఆచారాల్లో కొంత చోటు ఉంది. బోనాల్లో, కొమురవెల్లి మల్లన్న జాతరలో చీర కట్టి, పసుపు పూసుకుని పూనకంతో ఆడే మగ శివసత్తులకు మనం దండం పెడతాం. జాతర అయిపోయాక అదే మనిషి వాడకట్టులో కనిపిస్తే పిల్లలు వెంటపడి గోల చేస్తుంటే ఆపం.

మనం నేతగాళ్లం. మన పెద్దలు మగ్గాల మీద చీరలు నేశారు, భివండికి వచ్చాక మనం సాంచెల మీద బట్ట నేస్తున్నాం. తాను దిగాక అది ఎవరి ఒంటి మీదకు పోతుందో మనం ఎన్నడూ అడగలేదు. మన ఇంట్లో ఒక పిల్లవాడు అక్క చున్నీ కప్పుకుంటే, ఒక పిల్ల జుట్టు కత్తిరించుకుంటానంటే చెయ్యి ఎత్తకుండా కూర్చోబెట్టి మాట్లాడదాం. చదువు మాన్పించొద్దు, ఇంట్లోంచి పంపేయొద్దు. స్థానం వారిని పొగడటం తేలిక, ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. బతికున్నవాళ్లు మన వీధిలోనే ఉన్నారు.