రాజా దీన్ దయాళ్ – ముఖములను నిలిపిన మహనీయుడు

భారతదేశమున ఛాయాచిత్రకళకు గౌరవము దెచ్చినవారిలో రాజా దీన్ దయాళ్ గారు అగ్రగణ్యులు. జన్మచే తెలుగువారు కాకున్నను, ఆయన కీర్తి వెలిగినది మన తెలుగు గడ్డపై, హైదరాబాదు, సికిందరాబాదు నగరములందే.

ఆయన 1844వ సంవత్సరమున మీరట్టు సమీపమునగల సర్ధానాలో ఒక జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలోని థామసన్ కళాశాలయందు ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1866లో ఇందోరున పబ్లిక్ వర్క్సు శాఖలో ఉద్యోగమున ప్రవేశించిరి. 1874 ప్రాంతమున కెమెరాను చేతబట్టిరి. ఇందోరు మహారాజు తుకోజీరావు హోల్కరు, ఆంగ్లేయాధికారి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించిరి. మధ్యభారతములోని ఆలయములను, కోటలను చిత్రించి పేరొందిన పిమ్మట, 1885లో వైస్రాయికి ఛాయాచిత్రకారులుగా నియమితులైరి.

తదుపరి ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను గారి ఆస్థానమున చేరిరి. నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్వర్ జంగ్ అను బిరుదమును ప్రసాదించెను. 1897లో విక్టోరియా రాణి సైతము ఆయనకు రాజముద్రాధికార పత్రము నొసగెను.

ఆ దినములలో చిత్రము గాజుపలకపై పడెడిది. కూర్చున్నవారు కదలినచో ముఖము చెదరిపోవును. అయినను ఆయన చిత్రములలో మనుష్యులు కొయ్యబొమ్మలవలె గానరారు. ప్రభువు ఠీవి, బాలుని అమాయకత్వము, తండ్రి ప్రక్కన నిలిచిన బిడ్డల అనురాగము, తలపాగా, నగలు, వస్త్రధారణ, అన్నియు స్పష్టముగా నిలిచినవి. ఘోషా స్త్రీలకును తమ రూపము దక్కవలెనని, 1892లో హైదరాబాదున వారికి ప్రత్యేకమైన స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల వనిత కప్పగించిరి. కుమారులు జ్ఞానచంద్, ధర్మచంద్ తండ్రి వృత్తిలోనే తోడ్పడిరి. 1904లో ధర్మచంద్ మరణించెను. మరుసటి సంవత్సరమే, 1905లో, దీన్ దయాళ్ గారు పరమపదించిరి. ఆయన గాజుపలకలు వేలకొలదిగా నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.

సోదర సోదరీమణులారా! ఈ చరిత్ర మనకేల? దీన్ దయాళ్ గారు కెమెరా పట్టుటకు కొలది సంవత్సరములకు పూర్వమే, మన మారిషసు ద్వీపమున మన పూర్వికులను గూడ కెమెరా ఎదుట నిలిపిరి. 1867 నాటి చట్టము ననుసరించి, ఒప్పందము ముగిసిన కూలీ తన ఛాయాచిత్రముగల టికెట్టును వెంట నుంచుకొనవలసి యుండెను. అచట నగలు లేవు, ప్రక్కన బిడ్డలు లేరు. ముఖము, సంఖ్య మాత్రమే. రాజులు తమ గౌరవము కొరకు చిత్రము తీయించుకొనిరి. మనవారిని కాపలా కొరకు తీసిరి. కాని కాలమహిమ యెట్టిదో చూడుడు! నాడు సంకెలగా నుండిన ఆ సంఖ్యయే నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందు ముత్తాత ముఖమును వెదకుటకు మనకు దారి చూపుచున్నది. ఆ కన్నులలోని ధైర్యమును ఏ చట్టమును తుడిచివేయలేకపోయెను.

కావున ప్రతి గృహమునందును పెద్దల చిత్రములను చెమ్మ తగులకుండ భద్రపరచి, వారి పేరు, ఊరు, బంధుత్వము వెనుక వ్రాసియుంచుడు. ఆ పేర్లెరిగిన అవ్వలు, తాతలు మన మధ్య నుండగనే అడిగి తెలిసికొనుడు. పేరు మరచిన చిత్రము మూడవ తరమునకు పరాయిముఖ మగును. పేరు గల చిత్రము వంశమునకు దీపమగును.