ఆల్ఫ్రెడ్ స్లోనుగారి జీవితము

వాణిజ్యమే జీవనముగా గల మన సంఘమున పొత్తు వ్యాపారములు కలియుటయు, కలిసినవి విడిపోవుటయు నెల్లరు నెరిగినదే. అన్నదమ్ములు నాలుగు అంగళ్లకు ఒకే పేరు తగిలించినంత మాత్రమున అది యొక సంస్థ కానేరదు. ఎవరి చిట్టా వారిది, ఎవరి పెట్టె వారిది అయినప్పుడు మంచికాలమున నవ్వుచునే యుందురు. చెడ్డకాలము వచ్చినంతనే న్యాయస్థానపు మెట్లెక్కుదురు. ఇట్టి స్థితిలోనున్న మిక్కిలి పెద్ద సంస్థ నొకదానిని చేపట్టి, దానిని చీల్చకయు, అందలివారి చొరవను చంపకయు నిలిపిన యొక విదేశీయ వర్తకుని చరిత్రమును మహాసభకు విచ్చేసిన సోదరసోదరీమణులకును, పోషకమహాశయులకును విన్నవింప దలచితిమి. ఆయన అమెరికా దేశపు జనరల్ మోటార్సు కంపెనీ అధ్యక్షులైన ఆల్ఫ్రెడ్ స్లోనుగారు.

స్లోనుగారు 1875వ సంవత్సరము మే నెల 23వ తేదీన కనెక్టికటు రాష్ట్రమందలి న్యూ హేవెన్ పట్టణమున జన్మించిరి. తండ్రి కాఫీ, తేయాకుల వర్తకుడు. మాసచూసెట్సు సాంకేతిక విద్యాలయమున విద్యుచ్ఛక్తి శాస్త్రము నభ్యసించి 1895లో పట్టము పొందిరి. పిమ్మట న్యూజెర్సీలోని హయాటు రోలర్ బేరింగు కంపెనీలో నక్షాలు గీయు చిరుద్యోగమున ప్రవేశించిరి. ఆ కంపెనీ మూతపడు స్థితికి రాగా తండ్రియు, ఒక మిత్రుడును 5,000 డాలర్లు సమకూర్చి, ఆరుమాసముల గడువు పెట్టి, దానిని ఈ యువకుని చేతికిచ్చిరి. గడువు తీరునప్పటికి నష్టము పోయి లాభము కనబడెను.

మోటారు బండ్లు అప్పుడప్పుడే వెలువడుచుండిన కాలమది. కాడిలాకు బండ్ల నిర్మాతయగు హెన్రీ లేలండుగారు, స్లోనుగారు పంపిన బేరింగులను కొలిచి చూచి, అవి ఒకదానితో నొకటి సరిపోలలేదని మందలించిరి. స్లోనుగారు దానిని అవమానముగా గ్రహింపలేదు. కొలత తప్పిన సరుకు సరుకే కాదని నాడు నేర్చిన పాఠమును తరువాత లెక్కల విషయమునను, పరిపాలన విషయమునను అనుసరించిరి. 1916లో తమ కంపెనీని విలియం డ్యూరాంటుగారికి 1 కోటి 35 లక్షల డాలర్లకు విక్రయించి, ఆయన యేర్పరచిన యునైటెడ్ మోటార్సు సంస్థకు అధ్యక్షులైరి. 1918లో ఆ సంస్థయు జనరల్ మోటార్సులో కలిసిపోయెను.

డ్యూరాంటుగారు సామాన్యులు కారు. 1908లో జనరల్ మోటార్సును స్థాపించి, బ్యూయిక్కు, ఓల్డ్సుమొబీలు, కాడిలాకు మొదలగు కంపెనీలను ఒకదాని వెంట నొకటి కొని కూర్చినది ఆయనయే. కొనుటయందు ఆయనకు సాటిలేదు. కొన్నదానిని ఒక త్రాట కట్టు నేర్పు మాత్రము కొరవడెను. విభాగములు తమ ధనమును తమ బ్యాంకులలోనే దాచుకొనుచుండెను. కేంద్రమునకు పైకము కావలసినప్పుడు బ్యూయిక్కు వారిని బ్రతిమాలవలసి వచ్చుచుండెను. ప్రతి విభాగమును తనకు తోచినంత ముడిసరుకు కొని నింపుచుండెను. 1920లో మాంద్యము వచ్చి బండ్లు అమ్ముడుపోనప్పుడు 20 కోట్ల డాలర్లకు మించిన సరుకు గిడ్డంగులలో నిలిచిపోయెను. వాటాల వెల పడిపోయెను. ఆ వెలను నిలుపబోయి డ్యూరాంటుగారు అప్పులలో మునిగిరి. డ్యూపాంటు కుటుంబమువారును, మోర్గను బ్యాంకువారును ఆ అప్పులు తీర్చగా, ఆయన 1920 నవంబరు చివర తాను నాటిన చెట్టును విడిచి వెడలిపోయిరి.

ఈ విపత్తు రాకమునుపే స్లోనుగారు సంస్థను ఎట్లు నడుపవలెనో వివరముగా వ్రాసి డ్యూరాంటుగారికి సమర్పించి యుండిరి. ఆయన సంతోషముగా గైకొని ప్రక్కను పెట్టిరి. స్లోనుగారు మనసు విరిగి, 1920 వేసవిలో సెలవు పుచ్చుకొని యూరపునకు పోయి, ఉద్యోగము మానుటయా, కొనసాగుటయా యని ఆలోచించిరి. తిరిగి వచ్చునప్పటికి మార్పు పొడచూపుటచే నిలిచిరి. అధ్యక్షపదవి చేపట్టిన పియేరు డ్యూపాంటుగారు ప్రక్కను పడిన ఆ వ్రాతనే అంగీకరించి అమలులో పెట్టిరి. 1923 మే నెలలో స్లోనుగారే అధ్యక్షులైరి.

ఆయన పద్ధతి రెండు మాటలలో చెప్పదగినది. బండిని చేయుట, అమ్ముట, పనివారిని నియమించుకొనుట ఆయా విభాగపు పెద్దల వశమున నుండవలెను. ధనము, లెక్క, వెలల నిర్ణయము, భవిష్యత్తునకు పెట్టుబడి మాత్రము ఉమ్మడిగా నుండవలెను. బొక్కస మొక్కటియే గాని చేతులు పెక్కు. ఇది నేడు సులభముగా తోచును. కాని నాటి విభాగాధిపతులు తమ సంస్థానములలో రాజులవంటివారు. వారి అధికారమును గుంజుకొనినచో సమర్థులు లేచిపోదురు. వదలివేసినచో మరల 1920 వచ్చును. ఈ సన్నని గట్టుమీద నడుచుటయే స్లోనుగారి ఘనత.

అదివరలో ఆ సంస్థ బండ్లే ఒకదానితో నొకటి పోటీపడుచుండెను. 1921లో బ్యూయిక్కు, కాడిలాకులు తప్ప తక్కినవి నష్టము చూపెను. అందుచే 450 డాలర్ల మొదలు 3,500 డాలర్ల వరకు ఆరు మెట్లుగా వెలలు నిర్ణయించి, ఏ బండి ఏ మెట్టున నిలువవలెనో యేర్పరచిరి. ఒకే రకపు బండిని చౌకగా నమ్మి దేశము నేలుచుండిన ఫోర్డుగారు 1927లో తమ ప్రసిద్ధమైన టీ నమూనాను నిలిపివేయవలసి వచ్చెను. ఆ మరుసటి యేడు, అనగా 1928లో, జనరల్ మోటార్సువారు మన బొంబాయిలో కూడ బండ్లను కూర్చు కర్మాగారమును తెరచిరి.

స్లోనుగారు పొరపాటు పడనివారు కారు. 1924లో కర్మాగారములు అమ్మకమునకు మించి బండ్లు చేసెను. ఆయన స్వయముగా సెయింట్ లూయీ, కాన్సస్ సిటీ, లాస్ ఏంజిలీసు పట్టణములకు పోయి, వర్తకుల ఆవరణములలో అమ్ముడుపోక నిలిచిన బండ్లను కన్నులారా చూచి, తక్షణము ఉత్పత్తిని తగ్గించిరి. అటుపిమ్మట పదిదినముల కొకసారి ప్రతి వర్తకుడును అమ్మకపు లెక్క పంపు నియమము స్థిరపడెను.

చార్లెసు కెట్టరింగుగారను గొప్ప పరిశోధకులు రాగితో చల్లబరచు ఇంజనును కనిపెట్టగా, పియేరు డ్యూపాంటుగారు దానిని మిక్కిలి యభిమానించిరి. ఆ ఇంజను గల షెవ్రొలే బండ్లు సరిగా నడువలేదు. 1923లో వాటిని వెనుకకు రప్పింపవలసి వచ్చెను. కెట్టరింగుగారు చిన్నబోయి రాజీనామాకు సిద్ధపడిరి. స్లోనుగారు ఆ ఇంజనును బలవంతముగా విభాగములపై రుద్దనూ లేదు, కెట్టరింగుగారిని పోగొట్టుకొననూ లేదు. దానిని సరిచేయుటకు వేరుగా నొక శాఖ నేర్పరచి, ఆయన గౌరవమును కాపాడిరి.

ఇంత యోర్పు చూపిన వారే కూలివారియెడ నంత యోర్పు చూపలేకపోయిరని చెప్పుటకు చింతించుచున్నాము. 1936 డిసెంబరు 30వ తేదీ మొదలు ఫ్లింటు పట్టణపు కార్మికులు యంత్రముల ప్రక్కనే కూర్చుండి 44 దినములు సమ్మె సలిపిరి. కర్మాగారములు ఖాళీ చేసిననే గాని సంప్రదింపులు లేవని స్లోనుగారు పట్టుపట్టిరి. తుదకు 1937 ఫిబ్రవరి 11వ తేదీన సంస్థ వారి సంఘమును గుర్తింపవలసి వచ్చెను. వర్తకుని లెక్క పదిదినముల కొకసారి చూచుటకు ఏర్పాటు చేసినవారు కూలివాని కష్టము తెలిసికొనుటకు అట్టి ఏర్పాటు చేయకుండిరి. మనము వారి గుణమును గ్రహించునప్పుడు ఈ లోపమును మరువరాదు.

1937లో అధ్యక్షపదవి వదలి, 1956 వరకు పాలకవర్గమునకు పెద్దగా నుండిరి. సంతానము లేదు. 1934లో తమ పేర ధర్మనిధిని నెలకొల్పి, విద్యకును శాస్త్రపరిశోధనకును ధనమిచ్చిరి. 1945లో న్యూయార్కున వారి దానముతో వెలసిన క్యాన్సరు పరిశోధనాలయము స్లోను, కెట్టరింగు అను రెండు పేర్లను కలిపి ధరించుచున్నది. ఒకనాడు విడిపోనున్న ఇరువురి స్నేహమునకు అంతకంటె తగిన గురుతు లేదు. 1966 ఫిబ్రవరి 17వ తేదీన తమ 90వ యేట స్లోనుగారు దివంగతులైరి.

వారు నిలిపిన ఆ సంస్థయే 2009లో దివాలా దరఖాస్తు పెట్టి, పునర్నిర్మాణము పొందవలసి వచ్చెను. నియమములు వ్రాసి పెట్టుటతో పని తీరదు. ప్రతి తరమువారును వాటిని మరల ఆచరింపవలెను. మన యిండ్లలో తాతలు కూర్చిన వ్యాపారములను పంచుకొన బోవుచున్న యువకులు కత్తి పట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందురు గాక: ఏది ఎవరికి వారుగా చేయదగినది, ఏది అందరము కలిసి కాపాడుకొనదగినది? ఈ విభజన చక్కగా తెలిసినచో ఆస్తి విభజన అవసరము పడదని మా నమ్మకము.