విభక్తికీ ప్రిపోజిషనుకూ నడుమ: బ్రౌను దొర

ఆంగ్లభాష నేర్చే మన విద్యార్థికి కాలు జారే చోటు ఏదని అడిగితే, అధ్యాపకులలో పెక్కుమంది ప్రిపోజిషన్ల పేరే చెబుతారు. పెద్ద పెద్ద మాటలను తడుముకోకుండా పలికే విద్యార్థి సైతం ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ అనే మూడు చిన్న మాటల ముందు నిలిచిపోతాడు. సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతంలో 2008లో వెలసిన శ్రీ సిటీకి ఉద్యోగార్థులై వెళ్ళే మన యువకులకు ఈ తడబాటు ఇంటర్వ్యూ గదిలోనే ఎదురవుతున్నది. అక్కడి కర్మాగారాలలో జపాను వారివి అనేకం. వింత ఏమంటే, జపాను భాషలో కూడా తెలుగులో వలెనే ఇటువంటి మాటలు నామానికి వెనుకనే చేరతాయి. ఆ ఇద్దరూ కలుసుకొనేది మాత్రం వాటిని ముందు ఉంచే ఇంగ్లీషులో!

ఈ కష్టాన్ని ఎదురు దిక్కు నుండి దాటి వచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. వేమన పద్యాలను వెలికి తెచ్చిన మహనీయుడుగా ఆయన మనకందరికీ తెలిసినవాడే. ఇక్కడ ఆయనను పరాయి భాష నేర్చిన ఒక విద్యార్థిగా పరిచయం చేయదలచాను.

బ్రౌను 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. ఇంటిలోనే బాలునికి హిందూస్థానీ, పారశీ, అరబీ భాషలతో పరిచయం కలిగింది. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. హెయిలీబరీ కళాశాలలో శిక్షణ పొంది, 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. సెంటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు తెలుగు ఓనమాలు దిద్దించారు.

ఇంగ్లీషు యువకునికి తెలుగు వాక్యం తలక్రిందులుగా కట్టిన ఇల్లు వంటిది. అతని భాషలో సంబంధాన్ని తెలిపే మాట ముందు వచ్చి నామాన్ని వెంటబెట్టుకొని పోతుంది. మన భాషలో నామం ముందు నడిస్తే ‘లో’, ‘కు’, ‘తో’, ‘మీద’ వెనుక నడుస్తాయి. స్థానం మారడం ఒక్కటే అయితే పదిరోజులలో అలవాటు కాగలదు. అసలు చిక్కు పంపకంలో ఉన్నది. ‘జూనులో’, ‘బస్సులో’ అని మనం ఒకే ప్రత్యయంతో సరిపెడతాము. ఇంగ్లీషు జూనుకు ‘ఇన్’ ఇచ్చి బస్సుకు ‘ఆన్’ ఇస్తుంది. ‘అయిదు గంటలకు’ అన్నప్పటి ‘కు’ అక్కడ ‘ఎట్’ అవుతుంది. ‘ఊరికి’ అన్నప్పుడు ‘టు’ అవుతుంది. నా మీద కోపం అని తెలుగులో తలచినవాడు ‘యాంగ్రీ ఆన్ మీ’ అనక ఏమంటాడు?

ఉర్దూ మాట్లాడే మన విద్యార్థుల సంగతీ ఇంతే. వారి ‘సే’ ఎంతటి బరువు మోస్తుందో చూడండి. ఢిల్లీ నుండి అనడానికి ‘సే’, కత్తితో అనడానికి ‘సే’, రెండేళ్ళుగా అనడానికి ‘సే’, నాకంటె అనడానికీ ‘సే’యే. వివాహం తెలుగులో ఒకరి‘తో’ జరుగుతుంది, ఉర్దూలో ఒకరి ‘సే’ జరుగుతుంది. అందుచేత మన ఇరువురమూ ‘మ్యారీడ్ విత్’ అనే వ్రాస్తాము. ఇంగ్లీషు వారికి అది ‘మ్యారీడ్ టు’. ఈ పొరపాటు మనకే పరిమితం కాదు. స్పానిష్ భాషలో ఈ మాటలు ఇంగ్లీషులో వలెనే నామానికి ముందే వస్తాయి. అయినా పెళ్ళికి ‘తో’ అనే అర్థమిచ్చే ‘కోన్’ వాడడం అలవాటైన స్పానిష్ విద్యార్థి ఆ తప్పే చేస్తాడు. బల్ల మీద అనడానికీ, పెట్టెలో అనడానికీ, ఇంటి వద్ద అనడానికీ వారికి ‘ఎన్’ ఒక్కటే చాలు గనుక, ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’లను విడదీయడం వారికీ తలనొప్పే. దీనిని మన మందబుద్ధికి నిదర్శనంగా భావించి తరగతిలో తల వంచుకొనే విద్యార్థిని చూసినప్పుడల్లా నాకు స్పెయిను దేశపు విద్యార్థి జ్ఞాపకం వస్తాడు.

బ్రౌను 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. నవాబుల కాలం నుండి ఉర్దూ, తెలుగూ పక్కపక్కన వినిపించే పట్టణం అది. తరువాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి మళ్ళీ కడప చేరి, అక్కడ బంగళా కొని, సొంత సొమ్ముతో పండితులను నియమించి గ్రంథ పరిష్కరణ చేయించాడు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్యగారల వంటి విద్వాంసులు ఆయనకు తోడ్పడ్డారు. వేమన పద్యాలు 1829లో అచ్చయినాయి. ఈ వ్యయానికి జీతం చాలక అప్పులు చేశాడు. 1834లో ఉద్యోగమే పోయింది. ఇంగ్లండులో కొంతకాలం గడిపి తిరిగి వచ్చి, మద్రాసు ప్రభుత్వానికి పారశీ అనువాదకుడయ్యాడు. తండ్రి ఇంట బాల్యంలో అబ్బిన భాష ఆయనకు మళ్ళీ అన్నం పెట్టిందన్నమాట.

1840లో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. అది ఇంగ్లీషువారి కొరకు. నా దృష్టిలో మన విద్యార్థులకు అంతకంటె దగ్గరివి మరి రెండు చిన్న పుస్తకాలు. 1850లో ఇంగ్లీషు, హిందూస్థానీ పలుకుబడుల అభ్యాస గ్రంథం ఒకటి, 1852లో ఇంగ్లీషు, తెలుగు పలుకుబడుల ‘వాక్యావళి’ మరొకటి ప్రకటించాడు. పేరులోనే పద్ధతి ఉన్నది. విడిమాట కాదు, వాక్యం. ‘ఆన్’కు అర్థం ‘మీద’ అని వల్లించిన వాడికి బస్సు పైకప్పు మీద కూర్చోవడమే గతి. వాక్యాన్ని వాక్యంగా పట్టుకొన్నవాడు సుఖంగా లోపల కూర్చుంటాడు. నిఘంటువులలో కూడా ఆయన అర్థం చెప్పి ఊరకుండక, జనం నోట వినవచ్చే ప్రయోగాలను ఉదాహరించాడు. తెలుగులో కలిసిపోయిన పారశీ, అరబీ, హిందూస్థానీ మాటలకు 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును సమకూర్చాడు. ఆ మాటలను గ్రామ్యమని త్రోసిపుచ్చే పండితులు ఆనాడు తక్కువ కాదు.

1855లో శాశ్వతంగా స్వదేశానికి మరలిన బ్రౌను లండనులో తెలుగు ఆచార్యుడుగా కూడా పనిచేసి, 1884 డిసెంబరు 12న అక్కడే కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి అవిరళ కృషి ఫలితంగా, బ్రౌను పేరిట గ్రంథాలయం వెలసింది. రేణిగుంటలో రైలెక్కితే కడప ఒక పూట ప్రయాణం కూడా కాదు. రానున్న సెలవులలో మన ఉర్దూ, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి వెళ్ళి, ఆ నిఘంటువులను తెరిచి, ‘తో’ ఎదుటా ‘సే’ ఎదుటా ఏమున్నదో చూసి రావలసిందిగా కోరుతున్నాను.