టిబోర్ రాడో: చిన్న యంత్రాల పందెం

మేము తెలుగు బోధించేవారం. రెండు పాదాల ఉర్దూ షేర్‌లోను, నాలుగు పాదాల ఆటవెలదిలోను ఎంతటి భావం ఇముడుతుందో తరగతిలో తరచు ముచ్చటించుకుంటూ ఉంటాము. సంక్షిప్తత సాహిత్యానికే చెందిన గుణమని ఒకప్పుడు మా అభిప్రాయం. టిబోర్ రాడో జీవితం చదివిన పిదప ఆ అభిప్రాయం తొలగిపోయింది. అతి చిన్న ప్రోగ్రాములకు ఒక వినోదపు పందెం పెట్టి, ఆ ఆట ద్వారా గణనకు గల హద్దును లోకానికి చూపిన మహనీయుడాయన. మన విద్యార్థులు ఆయనను తెలుసుకోవడం అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రాడో 1895 జూన్ 2వ తేదీన హంగరీ దేశంలోని బుడాపెస్టు నగరంలో జన్మించారు. మొదట ఇంజనీరింగు విద్యనభ్యసించారు. చదువు సాగుతుండగానే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆయన సైన్యంలో అధికారిగా చేరి, రష్యా సరిహద్దున పోరాడుతూ శత్రువులకు చిక్కి, సైబీరియాలోని యుద్ధఖైదీల శిబిరానికి చేరారు. యౌవనం వ్యర్థమైపోయిందని విలపించవలసిన స్థితి అది. కాని అదే శిబిరంలో ఎడ్వర్డ్ హెల్లీ అనే ఆస్ట్రియా గణితవేత్త కూడా బందీగా ఉన్నారు. ఆయన గురువయ్యారు, రాడో శిష్యుడయ్యారు. కారాగారమే కళాశాల అయింది. తరువాత రాడో అక్కడినుండి తప్పించుకొని, ఉత్తర ధ్రువప్రాంతపు ప్రజల ఆదరణతో ప్రాణం నిలుపుకొని, వేల మైళ్ళు ప్రయాణించి స్వదేశం చేరుకున్నారని ఆయన జీవితకథ తెలుపుతున్నది.

తిరిగి వచ్చిన రాడో ఇంజనీరింగును వదలి గణితాన్నే వరించారు. ఫ్రిగ్యెష్ రీస్ వంటి పండితుని వద్ద శిక్షణ పొంది డాక్టరేటు సంపాదించారు. 1929లో అమెరికా వెళ్ళి, 1930 నుండి ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. వంచిన తీగను సబ్బునీటిలో ముంచి తీస్తే దానిపై పలుచని పొర ఏర్పడుతుంది గదా! ఏ ఆకారపు తీగకైనా అట్టి కనిష్ఠ వైశాల్యపు తలం ఉంటుందా అన్నది పందొమ్మిదవ శతాబ్దపు భౌతిక శాస్త్రవేత్త ప్లాటో పేరిట నిలిచిన సమస్య. దానిని 1930 ప్రాంతంలో రాడో, జెస్సీ డగ్లస్ అనువారు వేర్వేరుగా సాధించారు. 1936లో తొలిసారిగా ఇచ్చిన ఫీల్డ్స్ పతకాలలో ఒకటి డగ్లస్‌ను వరించింది. రాడోకు అది దక్కలేదు. ఆయన పని మాత్రం ఆగలేదు.

అరవై ఏళ్ళు దాటిన వయస్సులో, ఇతరులు విశ్రాంతి కోరుకొనే వేళ, ఆయన ఒక ఆటను కనిపెట్టారు. దానికి పునాది 1936లో అలన్ ట్యూరింగ్ ఊహించిన యంత్రం. గళ్ళు గీసిన అంతులేని పట్టీ ఒకటి. ప్రతి గడిలోను సున్న గాని ఒకటి గాని ఉంటుంది. యంత్రం ఒక్కొక్క గడినే చూస్తుంది. తానున్న స్థితిని బట్టి, చూచిన అంకెను బట్టి ఏమి వ్రాయాలో, ఎడమకా కుడికా ఎటు జరగాలో, తరువాత ఏ స్థితికి మారాలో చిన్న పట్టికలో వ్రాసి ఉంటుంది. ఆ పట్టికే దాని ప్రోగ్రాము. ఇచ్చిన యంత్రం ఎన్నటికైనా ఆగుతుందా లేదా అని అన్ని యంత్రాలకు చెప్పగల పద్ధతి లేదని ట్యూరింగ్ నిరూపించి ఉన్నారు.

1962లో బెల్ సంస్థవారి సాంకేతిక పత్రికలో రాడో తన పందెం నియమాలను ప్రకటించారు. స్థితుల సంఖ్య ముందే నిర్ణయం. పట్టీ నిండా సున్నలే. ఎక్కువ ఒకట్లు వ్రాసి, తానుగా ఆగిన యంత్రానిదే విజయం. ఆగని యంత్రానికి స్థానం లేదు. అంతేకాదు, తన యంత్రం ఎన్ని అడుగుల తరువాత ఆగుతుందో పోటీదారు ముందే తెలుపవలెను. అంపైరు అన్ని అడుగులూ నడిపి చూస్తాడు. సరిపోతే స్వీకరిస్తాడు, లేకుంటే త్రోసిపుచ్చుతాడు. కొయ్యలు కొరికి వాగులకు కట్టలు కట్టే శ్రమజీవి బీవర్ పేరిట ఈ ఆటకు బిజీ బీవర్ అని పేరు పెట్టారు.

విద్యార్థులు నోటు పుస్తకంలో గళ్ళు గీసి దీనిని ఆడవచ్చు. అ, ఆ అని రెండు స్థితులు తీసుకొని, 'అ'తో మొదలుపెట్టండి. 'అ'లో సున్న కనబడితే ఒకటి వ్రాసి, కుడికి జరిగి 'ఆ'కు మారాలి. ఒకటి కనబడితే దానినట్లే ఉంచి, ఎడమకు జరిగి 'ఆ'కు మారాలి. 'ఆ'లో సున్న కనబడితే ఒకటి వ్రాసి, ఎడమకు జరిగి 'అ'కు మారాలి. ఒకటి కనబడితే కుడికి జరిగి ఆగిపోవాలి. ఆరు అడుగులలో నాలుగు ఒకట్లు మిగులుతాయి. రెండు స్థితులతో అంతకు మించి సాధ్యం కాదు.

ఇక మూడు స్థితులతో చేయదగిన పట్టికలు 1,67,77,216. వాటిలో గెలుపు ఆరు ఒకట్లదని రాడో, ఆయన శిష్యుడు షెన్ లిన్ కలిసి తేల్చి 1965లో ప్రకటించారు. నాలుగు స్థితుల పట్టికలు 2,560 కోట్లు. ఆ పందెం తేలుతుందనే ఆశ రాడోకు కనిపించలేదు. స్థితులు పెరిగే కొలది గెలుపు సంఖ్య ఎంత వేగంగా పెరుగుతుందంటే, ఏ ప్రోగ్రాముతోనైనా లెక్కించగల ఏ ప్రమేయమైనా చివరకు దానికి వెనుకబడక తప్పదు. ఆ సంఖ్యలన్నింటినీ లెక్కించే ప్రోగ్రాము ఉండజాలదని రాడో నిరూపించారు. ఆటవస్తువులోనే అగాధం దాగి ఉన్నదన్నమాట! 1965 డిసెంబరు 29న ఆయన కన్నుమూశారు.

ఆట మాత్రం ఆగలేదు. నాలుగు స్థితులకు 13 ఒకట్లే పరమావధి అన్న అలెన్ బ్రేడీ నిరూపణ 1983లో అచ్చయింది. అదే సంవత్సరం జర్మనీలోని డార్ట్‌మండ్ నగరంలో ఐదు స్థితుల పోటీ జరుగగా 501 ఒకట్ల యంత్రం గెలిచింది. 1989లో మార్క్సెన్, బంట్రోక్ అనువారు 4,71,76,870 అడుగులు నడిచి 4,098 ఒకట్లు మిగిల్చే యంత్రాన్ని కనుగొన్నారు. అంతకన్న ఎక్కువసేపు నడిచి ఆగేది లేదని 2024లో రుజువయింది. ఆ రుజువును కంప్యూటరు చేతనే అక్షరమక్షరం సరిచూపించారు. ఆరు స్థితుల పందెం అప్పటికింకా తేలలేదు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటున్నది. 2024లో ఆ పని సాధించినవారిలో అనేకులు విశ్వవిద్యాలయ పదవులు లేనివారే. రుజువును తుదిముట్టించిన వ్యక్తి తన అసలు పేరైనా చెప్పలేదు. అయినా లోకం అంగీకరించింది. ఎందుచేతనంటే రాడో అంపైరు పోటీదారుని పేరు గాని, పట్టా గాని, ఊరు గాని అడుగడు; చెప్పిన మాట సరిపోయిందా లేదా అన్నదే చూస్తాడు.

మనది చిన్న కళాశాల, మన వనరులు స్వల్పం అని నిరుత్సాహపడే విద్యార్థులు మాకు ప్రతి సంవత్సరం కనబడుతూనే ఉంటారు. అట్టివారు సైబీరియా శిబిరంలో పాఠం నేర్చిన ఆ ఖైదీని స్మరించుకొందురు గాక. ఒక కాగితం, ఒక పెన్సిలు, చెప్పినదానిని ఋజువు చేయగల నిజాయితీ ఉంటే ఈ పందెంలో మన విద్యార్థులకూ ప్రవేశం కలదు.