కొండమీద ఐదుగురు



కణేకల్‌లో ఈ రోజుల్లో తెల్లవారుజామున లేవడమే ఒక పరీక్ష. హగరి ఇసుక మీదుగా వచ్చే గాలి దుప్పటి కప్పుకున్నా తగులుతుంది. చలి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. వాన మొహం చాటేసిన ఏడాది వచ్చే చలికాలం వేరు. శనక్కాయ చేతికి రాదు, విత్తనానికి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది. డిసెంబరు నాటికి ఒక్కో ఇంటికీ తాళం పడుతుంది. బెంగళూరు బస్సు ఎక్కినవాళ్లు మళ్లీ ఉగాదికి గాని కనబడరు. ఆదివారం ఆరాధనలో చాపల మీద ఖాళీలు కనిపిస్తాయి. క్రిస్మస్ నక్షత్రం కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి ఒక కుర్రవాడు కూడా దొరకడు.

ఇటువంటి ఏడాదిలో చిన్న సంఘాల పెద్దలు ఒక ప్రశ్న అడుగుతారు. నన్నూ అడిగారు. నలుగురైదుగురి కోసం ఆ చలిలో మందిరం తలుపులు తియ్యాలా? జనవరి ఒకటో తేదీ వేకువ ప్రార్థన ఈసారికి మానుకోకూడదా? అలిసిపోయినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దీనికి గద్దింపు జవాబు కాదు. అందుకే ఈ వారం ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన మన తెలుగు నేలమీదే ఇటువంటి చలికాలం ఒకటి గడిపాడు. తెలుగు బాప్టిస్టుల ఇళ్లలో జూయెట్ దొర అనే పేరు వినని పెద్దలు తక్కువ.

లైమన్ జూయెట్ 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత న్యూటన్ వేదాంత కళాశాలలో చదివాడు. 1848లో, ముప్పై అయిదేళ్ల వయసులో, భార్యతో కలిసి బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. ఆ ఓడలోనే శామ్యూల్ డే కూడా ఉన్నాడు. 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో మిషను స్థాపించి, జబ్బు చేసి స్వదేశం వెళ్లిన సేవకుడు డే. ఇప్పుడు తిరిగి తన పొలానికి వస్తున్నాడు. వాళ్లు 1849 ఏప్రిల్‌లో నెల్లూరు చేరారు.

పొలం అన్నాను గాని, అందులో మొలక కనబడేది కాదు. జూయెట్ తెలుగు నేర్చుకున్నాడు. సంతల్లో, వీధుల్లో, తిరునాళ్లలో బోధించాడు. ఆయన భార్య ఆడపిల్లలకు చదువు చెప్పింది. జనం విన్నారు, వాదించారు, వెళ్లిపోయారు. బాప్తిస్మం పొందినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అదే కాలంలో అదే మిషనరీ సంస్థ బర్మాలో పనిచేస్తుంటే అక్కడ కరెన్ ప్రజలు వేలకొద్దీ ప్రభువును నమ్ముతున్నారు. అమెరికాలో డబ్బు పంపే పెద్దలు రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూశారు. నెల్లూరు పద్దు వాళ్లకు నష్టంగానే తోచింది.

1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో తెలుగు మిషను మూసివేయాలన్న మాట వచ్చింది. బర్మాలో మిషను కేంద్రాలెన్నో ఉన్నాయి. బంగాళాఖాతానికి ఇవతల, తెలుగు దేశంలో ఉన్నది నెల్లూరు ఒక్కటే. పటం మీద ఒంటరి నక్షత్రంలా ఉన్న ఆ ఊరిపేరు చర్చలో పదేపదే వచ్చింది. సభకు వచ్చినవారిలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఉన్నాడు. ఆయన ఆ రాత్రే ఆ ఒంటరి నక్షత్రం మీద ఒక పద్యం రాశాడు. అది విన్నవారి మనసు మెత్తబడింది. మిషను నిలబడింది. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చిందే. కాని ఆ ఏడాదే డే ఆరోగ్యం పూర్తిగా చెడి స్వదేశానికి వెళ్లిపోయాడు. నెల్లూరులో మిగిలింది జూయెట్ దంపతులే.

ఇప్పుడు ఆ చలికాలం సంగతికి వస్తాను. 1853 చివర్లో జూయెట్ దంపతులు సువార్త యాత్రకు నెల్లూరుకు ఉత్తరాన దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలు వచ్చారు. అప్పటికి ఒంగోలులో సంఘం లేదు, మిషనరీ లేడు. 1854 జనవరి ఒకటో తేదీ. ఇంకా తెల్లవారలేదు. ఆ చీకట్లో ఐదుగురు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. జూయెట్, ఆయన భార్య, ప్రసంగికుడు నర్సు, రూతు, నెల్లూరు బడిలో చదువుకున్న జూలియా అనే అమ్మాయి. వీరిలో ముగ్గురు తెలుగువారు. ఒక పాట పాడారు. యెషయా 52వ అధ్యాయంలో, కొండలమీద సువార్త మోసుకొచ్చేవారిని గురించిన భాగం చదువుకున్నారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు, ఐదుగురూ మోకరించి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఈ చుట్టుపక్కల పల్లెలు ప్రభువును ఎరగాలని అడిగారు. వెలుగు వచ్చాక జూయెట్ కింద కనిపిస్తున్న ఒక మెరక స్థలాన్ని వాళ్లకు చూపించి, మిషను ఇల్లు అక్కడ ఉంటే బాగుంటుందని చెప్పాడు. తర్వాత కొండ దిగి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

ప్రార్థన కాగానే ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఆ నెలలో జరగలేదు, ఆ ఏడాది జరగలేదు, ఆ పై ఎనిమిదేళ్లలో కూడా చెప్పుకోదగ్గది జరగలేదు. 1862లో జూయెట్ జబ్బుపడి అమెరికా వెళ్లాడు. అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. మిషనరీ సంస్థ చేతిలో డబ్బు లేదు. తెలుగు మిషను మూసివేయాలన్న మాట మళ్లీ లేచింది. జూయెట్ వచ్చేదాకా ఆగుదామని ఒకరు అనడంతో తీర్మానం ఆగింది. ఆయన వచ్చి ఒకటే చెప్పాడు. సంస్థ పంపినా పంపకపోయినా తాను తెలుగువారి దగ్గరికే తిరిగి వెళ్తాననీ, వాళ్ల మధ్యే బతికి వాళ్ల మధ్యే చనిపోతాననీ. అటువంటి మనిషిని ఆపడం ఎవరి తరం? సంస్థ ఒప్పుకుంది. 1864 చివర్లో ఆయన మళ్లీ ఓడ ఎక్కినప్పుడు పక్కన ఒక యువకుడు ఉన్నాడు. భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసి, తర్వాత సేవకు పిలుపు పొందిన జాన్ ఎవరెట్ క్లౌ.

1866లో యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఒంగోలులో బాప్తిస్మం పొందారు. పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద. అదే ఏడాది సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. కొండమీద నుంచి జూయెట్ చూపించిన స్థలం అప్పటికే మిషను చేతికి వచ్చింది. 1867 జనవరి ఒకటిన ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. తేదీ గమనించండి. కొండమీద ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్లు. ఆ నెలలోనే పేరయ్య సాక్ష్యం విన్న 28 మంది బాప్తిస్మం పొందారు. అంటరానివాళ్లను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు హెచ్చరించినా క్లౌ దంపతులు మాదిగలను పంపివేయలేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వారికి దారి చూపించింది.

ఇక్కడితో కథ ఆపితే చాలా హాయిగా ఉంటుంది. ఓపికతో ప్రార్థిస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పి ముగించవచ్చు. కాని నిజం అలా లేదు. సంఘం ఏర్పడి పదేళ్లు కాకముందే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. మన కణేకల్ అప్పట్లో బళ్లారి జిల్లాలోని రాయదుర్గం తాలూకాలో ఉండేది. ఇటు మన ముత్తాతలు, అటు ఒంగోలు విశ్వాసులు ఒకే ఆకాశం వైపు చూశారు. ఇద్దరికీ వాన పడలేదు. కరువు వెనకే కలరా వచ్చింది. కొండమీద చేసిన ప్రార్థన వాళ్లకు కరువును తప్పించలేదు. కరువు వచ్చేనాటికి వాళ్లను ఒకరికొకరు ఉన్న సంఘంగా నిలబెట్టింది.

ప్రభుత్వం అప్పుడు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నాడు. పూర్వం నేర్చుకున్న సర్వే విద్య అక్కడ అక్కరకు వచ్చింది. వేలమంది ఆకలితో నడిచి వచ్చారు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు గంపలు లెక్కపెట్టారు, కూలి ఇప్పించారు. జనం మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు, భారం మోసేవారిని తన దగ్గరికి పిలిచిన ప్రభువును గురించి చెప్పారు. చాలామంది నమ్మి బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం క్రైస్తవులయ్యారన్న మాట పడకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపివేశాడు. గంజికీ విశ్వాసానికీ మధ్య గీత గీసి నిలబడ్డాడు. సాయం చేసే ప్రతి సంఘమూ ఈ గీతను గుర్తుపెట్టుకోవాలి.

కరువు పని ముగిశాక కూడా వాళ్లు వచ్చారు. తమకు డబ్బు వద్దనీ, సంఘంలో చేర్చుకోమనీ అడిగారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, వంతులవారీగా బాప్తిస్మమిచ్చారు. 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది.

జూయెట్ సంగతేమిటి? ఆ కోత క్లౌ పేరు మీద, తెలుగు బోధకుల పేరు మీద చెప్పుకుంటాం. జూయెట్ ఆ 1878లోనే మద్రాసు వెళ్లి, అక్కడి తెలుగువారి మధ్య మళ్లీ మొదటినుంచి పని ప్రారంభించాడు. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు. తెలుగు కొత్త నిబంధన సవరణలో ఏళ్లతరబడి శ్రమించాడు. ఆరోగ్యం సహకరించక చివరికి అమెరికా వెళ్లి, 1897 జనవరిలో కన్నుమూశాడు. తెలుగువారి మధ్యే చనిపోవాలన్న కోరిక కూడా తీరలేదు. ఆయన చేసింది విత్తడం. కోత చూసి సంతోషించాడే గాని, అది తన కోత అని ఎక్కడా పట్టుపట్టలేదు.

ప్రియులారా, మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. నలుగురైదుగురి కోసం తలుపు తియ్యాలా? తియ్యాలి. వచ్చే ఏడాది మందిరం నిండిపోతుందని నేను మాట ఇవ్వడం లేదు. ప్రార్థిస్తే ఈసారి హగరి పారుతుందని చెప్పడం లేదు. అలా చెప్పే బోధకుణ్ణి నమ్మకండి. నిరీక్షణ అంటే మంచి రోజులు వస్తాయన్న అంచనా కాదు. ఆ కొండమీద ఐదుగురికి ఏ అంచనా వేసుకోవడానికీ ఆధారం లేదు. చలిలో ఒకరి పక్కన ఒకరు మోకరించారు. అంతే. సంఘం అనే మాటకు అంతకంటే ఎక్కువ కొలత అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు కూడితే చాలని ప్రభువే లెక్క కట్టాడు కదా.

ఆ ఐదుగురి ప్రార్థనలో మరో సంగతి ఉంది. వాళ్లు అక్కడ లేనివాళ్ల కోసం ప్రార్థించారు. రావలసిన సేవకుడి కోసం, ఎప్పుడూ చూడని పల్లెల కోసం. మనకు ఆ మాత్రం కష్టం లేదు. లేనివాళ్ల పేర్లు మనకు తెలుసు. బెంగళూరులో ఇటుకలు మోస్తున్న తమ్ముడి పేరు, తల్లిదండ్రులు వెళ్లిపోతే అవ్వ దగ్గర ఉండిపోయిన పిల్లల పేర్లు, అప్పుల భయంతో నిద్రపట్టని రైతు పేరు. జనవరి ఒకటిన ఆ పేర్లు ఒక్కొక్కటిగా పలికి ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక ఒక ఫోను చెయ్యండి, మిమ్మల్ని మరచిపోలేదని చెప్పండి. ఒంటరిగా ఉన్న అవ్వ ఇంటికి వేడి వేడి సంగటి పట్టుకుని వెళ్లండి. అప్పుల మాట ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే అన్న పక్కన కాసేపు కూర్చోండి. అతడు మన మతం వాడా కాదా అని చూడకండి.

చాపలమీద ఖాళీలు చూసి కుంగిపోకండి. ఆ ఖాళీలు మన ప్రార్థనకు జాబితా. దీపం పెట్టండి, తలుపు తియ్యండి, వచ్చినవారు కూర్చోండి.

ఒంటరి నక్షత్రాన్ని ఆరిపోనివ్వని దేవుడు, ఈ చలికాలంలో మన చిన్న సంఘాలను తన కృపలో కాపాడును గాక. ఆమేన్.